ఒక్కపొద్దుల ఇల్లు

మా జేజిని ఎవరైనా "మహా భక్తురాలు" అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పోయినవాళ్లను తిట్టకూడదంటారు. ఎందుకు తిట్టకూడదో నాకు అర్థం కాదు. ఆమె బతికుండగా తిట్టే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేకపోయింది. పోయాక కూడా తిట్టకూడదంటే ఇంకెప్పుడు తిట్టాలి?

జేజి అంటే మా నాయనను కన్నతల్లి. మా ఊరు నందికొట్కూరు నుంచి ఎద్దుల బండిలో ఒక పూట దారి. అంతా నల్లరేగడి. వాన పడితే జొన్నలు, కొర్రలు. పడకపోతే మన్ను. మా తాత నేను పుట్టకముందే పోయాడు. పోయేముందు వంక పక్కనున్న పెద్ద చేను అమ్మేసి మరీ పోయాడు. ఆ చేను మళ్లీ కొనాలని జేజి పంతం. నాకు జ్ఞానం వచ్చేసరికి, అంటే యాభైల మొదట్లో, ఇంట్లో ఉండేది జేజి, మా అమ్మ, నాయన, చిన్నాయన, ఆయన పెండ్లాం చిన్నమ్మ, నేను. పెత్తనమంతా జేజిదే. తాళంచెవుల గుత్తి ఆమె నడుముకు ఉండేది. మీసాలొచ్చిన మా నాయన బీడీ కట్టకు కూడా ఆమె ముందు చెయ్యి చాపి నిలబడేవాడు.

మాకు లేమి ఉండిందేమో అనుకుంటారు. అదేం లేదు, ఆ సంగతి ముందే చెప్పాలి. ఇంటి ముందర భూమిలో తవ్విన పాతర ఉండేది. మనిషి దిగితే కనపడనంత లోతు. నిండా జొన్నలు, పైన రాతిబండ, బండ మీద మన్ను. ఆ మన్ను మీదే కూర్చొని నేను అచ్చనగాయలు ఆడుకునేదాన్ని. కరువు ముదిరేకొద్దీ జొన్నల ధర పెరుగుతుంది, పెరిగినాక పాతర తీస్తే చేను దగ్గరవుతుంది. ఇదీ ఆమె ఆలోచన. ఒకసారి నాయన కర్నూలు పోయొచ్చి, మన కర్నూలు రాజధాని అయిందనీ, గుడారాల్లో సర్కారు కచేరీలు నడుస్తున్నాయనీ, వీధులన్నీ కొత్త మనుషులేననీ వింతగా చెప్పాడు. జేజి అంతా విని ఒకటే అడిగింది.

"అయితే జొన్నల ధర పెరుగుతాదా?"

ఆ చేను తర్వాత కొన్నారు లెండి. నాయన, చిన్నాయన పంచుకున్నారు కూడా. దాని గురించి నేను ఇంతకుమించి మాట్లాడను.

ఇంట్లో ఖర్చు తగ్గించడమంటే జేజికి జపం లాంటిది. అగ్గిపెట్టె ఉండేది గానీ గీసేవాళ్లం కాదు. పొద్దున్నే పిడక ముక్క పట్టుకొని పక్కింటికి పోయి నిప్పు అడిగి తెచ్చేది నేనే. ఆ ఇంటామె రోజూ "మీ జేజి అగ్గిపెట్టెకు పూజ చేస్తాండాదా?" అని ఎగతాళి చేసేది. గుడ్డలు వంక దగ్గర తవ్వుకొచ్చిన చౌడుమన్నుతో ఉతికేవాళ్లం. చింతపండు పిసికిన పిప్పి పారేస్తే కొంప మునిగిపోయినట్టే, దాన్ని దాచి మరుసటి రోజు మళ్లీ పిసికేవాళ్లం. సంగటి తినేటప్పుడు బుడ్డి వెలిగించమని నేను ఏడిస్తే, "నీ నోరు యాడుండాదో చీకట్లో నీకు తెలీదా?" అనేది.

ఇవన్నీ ఆ కాలంలో చాలా ఇళ్లలో ఉన్నవే. మా జేజి తెలివి వేరే చోట ఉండేది. ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ ఖర్చయ్యేది తిండి. తిండి తగ్గించమంటే మనిషి తిరగబడతాడు. దేవుడి పేరు చెబితే తిరగబడడు. ఈ సంగతి ఆమె ఎప్పుడు కనిపెట్టిందో గానీ, కనిపెట్టినాక మా కడుపులకు శని పట్టింది.

ఒక్కపొద్దు అనే మాట మా సీమలో అందరికీ తెలుసు. వారంలో ఒకరోజు దేవుడి పేరు మీద ఒక పూటే తినడం. వేరే ఇళ్లలో ఒక్కపొద్దంటే చిన్న పండగ. తలకు పోసుకొని, కుండ కడిగి, వరి బియ్యం వండి, పప్పు, నెయ్యి, బెల్లం దేవుడికి చూపించి, మధ్యాహ్నం కడుపునిండా తింటారు. మాపటికి ఫలారమని బొరుగులో, వాటికి తాలింపు పెట్టిన ఉగ్గానో ఉంటుంది. ఏడాది పొడుగునా జొన్న సంగటి తినే ఆడవాళ్లు వరి అన్నం మొహం చూసేదే ఆ రోజు. ఒక్కపొద్దు ఎప్పుడొస్తుందా అని కాచుకొని కూర్చునేవాళ్లను నేనెరుగుదును. మా జేజి అందులో 'ఒక్క' అన్న మాటను ఉంచుకొని తతిమ్మాదంతా తీసేసింది. వరి బియ్యం లేదు, పప్పు లేదు, ఫలారం లేదు. మధ్యాహ్నం ఒక సంగటి ముద్ద, దాని పక్కన ఇంత ఊరిబిండి పచ్చడి. రాత్రికి చెంబెడు నీళ్లు.

"దేవుడు ఒక పూట తినమన్నాడు గానీ ఏం తినాల్నో చెప్పినాడా?" అనేది.

తనకు సోమవారం పెట్టుకుంది. మా అమ్మకు శుక్రవారం, చిన్నమ్మకు శనివారం. ఆమె కూడా మాతో సమానంగా మాడేది, ఆ మాట దాచను. దాంతో మా నోళ్లు ఇంకా గట్టిగా మూతపడ్డాయి. తాను తిని మమ్మల్ని మాడ్చి ఉంటే చాటుగానైనా తిట్టుకునేవాళ్లం. మొగవాళ్లకు మాత్రం ఒక్కపొద్దు లేదు. "మడక తోలే మొగోడు పస్తుంటే చేను ఎవడు దున్నాల?" అనేది. నాకు కూడా గురువారం అంటగట్టబోయింది.

"గురువారం ఒక్కపొద్దుంటే మంచి మొగుడొస్తాడే" అంది బుజ్జగిస్తూ.

"నాకు మొగుడొద్దు, సంగటి కావాల" అన్నాను.

వీపు మీద ఒకటి పడింది. పడితే పడింది, గురువారం తప్పింది. ఆ ఇంట్లో నేను గెలిచింది అదొక్కటే.

చుట్టాలొస్తే ఈ ఒక్కపొద్దు ఇంకా బాగా పనికొచ్చేది. వాళ్లు వాకిట్లో అడుగు పెట్టకముందే జేజి ఎదురుపోయి, "అయ్యో, ఈ పొద్దే వస్తిరా! మా ఇంట్లో అందరికీ ఒక్కపొద్దప్పా. కూర్చోండి, మజ్జిగ తాగి పోదురు" అనేది. ఆ మజ్జిగంటే కుండ కడిగిన నీళ్లే. ఏ రోజు వచ్చినా ఆ రోజే మాకు ఒక్కపొద్దు. వాళ్లు మొహమాటపడి, ఆకలితో వేరే ఇంటికి పోయేవాళ్లు. ఊళ్లో వయసు పిల్లలు మా ఇంటికి 'ఒక్కపొద్దుల ఇల్లు' అని పేరు పెట్టారు. పెద్దవాళ్లు మాత్రం జేజి ఎదురైతే చెప్పులు విడిచేవాళ్లు. "ఆ తల్లి నిష్ఠ వల్లనే ఊర్లో ఆ నాలుగు చినుకులన్నా పడతాండాయి" అనేవాళ్లు. జేజికి ఆ మాట శానా ఇష్టం.

చిన్నమ్మది కాలవ కింది ఊరు. నంద్యాల అవతల, కర్నూలు కడప కాలవ పారే పక్క. అక్కడ వరి మళ్లు. పసిపిల్ల దగ్గర్నుంచి ముసలాయన దాకా మూడు పూటలా వరి అన్నమే. చిన్నమ్మ మా ఇంటికి వచ్చినప్పుడు బొద్దుగా, తెల్లగా, ఊరికే నవ్వుతా ఉండేది. మా జొన్న సంగటిని అన్నం మాదిరి నమిలేది. అది పండ్లకు అతుక్కొని, గొంతు దిగక, కళ్లలో నీళ్లు తిరిగేవి. "నమలొద్దు తల్లీ, చారులో ముంచి మింగాల" అని మా అమ్మ నేర్పించింది. వాళ్లిద్దరూ తోడికోడళ్లయినా సొంత అక్కచెల్లెళ్ల మాదిరి ఉండేవాళ్లు. ఒకరికొకరు ఉన్నారు కాబట్టే ఆ ఇంట్లో బతికారు.

పెళ్లయి కొన్నేళ్లయినా చిన్నమ్మకు కడుపు పండలేదు. ఆ మాట నాలుగు నోళ్లలో పడేసరికి జేజి ఒక శనివారం దేవుడి పటం ముందు చిన్నమ్మను నిలబెట్టి మొక్కింది.

"అహోబిలం నరసిమ్మసామీ, ఈ పిల్లకు బిడ్డనియ్యి. పుట్టు వెంట్రుకలు నీ కొండ మీదనే తీపిస్తాం. వెంట్రుకలు తీసేదాకా బిడ్డ తల్లి శనివారం శనివారం ఒక్కపొద్దుంటాది."

మొక్కింది జేజి, కడుపు చిన్నమ్మది. అప్పుడు ఎవరికీ ఆ తేడా తట్టలేదు. చిన్నమ్మ సంతోషంగా చెంపలు వేసుకుంది. శనివారం ఎట్లాగూ ఉంటానే ఉంది కదా.

ఆ మొక్కు వల్లనో, కాలం కలిసొచ్చో, చిన్నమ్మకు నెల తప్పింది. కాన్పుకు పుట్టింటికి పంపించారు. మొదటి కాన్పు ఖర్చు పుట్టింటివాళ్లది, జేజికి దానికంటే ఆనందం లేదు. మగబిడ్డ. మూడో నెలలో వాడిని ఎత్తుకొని చిన్నమ్మ తిరిగొచ్చింది. అబ్బ, ఎంత ముద్దుగా ఉండేవాడో! మణికట్టు దగ్గర దారం కట్టినట్టు మడతలు, తొడల మీద మడతలు. ఎత్తుకుంటే నా చేతులు నొప్పి పుట్టేవి. ఊరికే నవ్వడం తల్లి దగ్గర్నుంచే తెచ్చుకున్నాడు. నేను బడి ఎగ్గొట్టి వాడి ఉయ్యాల దగ్గర కూర్చునేదాన్ని.

చిన్నమ్మను దిగబెట్టడానికి వచ్చిన వాళ్ల నాయన బండిలో ఒక మూట వరి బియ్యం కూడా దించాడు.

"అక్కా, బాలింత గదా. పాలు పడాల. దానికి వరి అన్నం పెట్టండి" అన్నాడు చేతులు కట్టుకొని.

"అట్లనే అప్పా. నా బిడ్డ మాదిరి చూసుకుంటా" అంది జేజి.

ఆయన బండి ఊరు దాటిందో లేదో మూట గదిలోకి పోయింది, తాళం పడింది. వారం తిరక్కముందే నందికొట్కూరు సంతకు పోయింది. "బాలింతకు వరన్నం చలవ. పాలల్లోకి దిగి బిడ్డకు ఊపిరాడదు" అని జేజి వైద్యం చెప్పింది. మూడు నెలలు వరన్నం తిన్న తల్లి పాలతోనే వాడు అంత బొద్దుగా అయినాడు కదా అని అడిగే నోరు ఆ ఇంట్లో లేదు. చిన్నాయన ఉన్నాడంటే ఉన్నాడు. భార్య మొహం చూసేవాడు, తల్లి మొహం చూసేవాడు, ఎద్దుల దగ్గరికి పోయేవాడు.

ఒక నెలకు బిడ్డకు జ్వరం తగిలింది. పిల్లలన్నాక తగులుతుంది. నందికొట్కూరులో డాక్టరుకు చూపిద్దామని మా నాయన అన్నాడు. డాక్టరంటే బండి కట్టాలి, ఒక రోజు పని పోతుంది, మందుకు దుడ్లివ్వాలి. జేజి లేచి నేరుగా పటం దగ్గరికి పోయింది.

"సామీ, బిడ్డకు నయం చెయ్యి. తల్లి మంగళవారం కూడా ఒక్కపొద్దుంటాది."

మూడో రోజుకు జ్వరం తగ్గింది. పసిపిల్లల జ్వరాలు అట్లాగే వస్తాయి, అట్లాగే పోతాయి. కానీ మంగళవారం పోలేదు. పెట్టిన మొక్కును తీసేస్తే దేవుడు ఊరుకుంటాడా? తర్వాత దగ్గొచ్చింది, గురువారం వచ్చింది. దగ్గు పోయింది, గురువారం ఉండిపోయింది. డాక్టరుకు ఇవ్వాల్సింది మిగిలింది, ఆ పూట సంగటి ముద్ద కూడా మిగిలింది. ఇంతకంటే చవకైన వైద్యం లోకంలో యాడన్నా ఉందేమో చెప్పండి!

వారంలో మూడు రోజులు రాత్రిళ్లు నీళ్లు తాగి పండుకునే తల్లికి పాలెక్కడి నుంచి వస్తాయి? వాడు చప్పరించి చప్పరించి, ఏమీ రాక, మొహం ఎర్రగా చేసుకొని ఏడ్చేవాడు. అది ఆకలి ఏడుపని ఊళ్లో కుక్కకు కూడా తెలుస్తుంది. జేజి మాత్రం "గాలి సోకింది" అంది. సోమవారం కలిపింది. పాలు ఇంకా తగ్గాయి. వాడు ఇంకా ఏడ్చాడు. వాడు ఏడ్చేకొద్దీ తల్లికి ఒక్కపొద్దు, తల్లి పస్తుండేకొద్దీ వాడికి ఏడుపు. ఇంత సులువైన సంగతి ఆ ఇంట్లో ఇంతమంది పెద్దవాళ్లకు తెలియలేదా అని తలుచుకుంటే ఇప్పటికీ నా తల తిరుగుతుంది. తెలిసింది. మా అమ్మకైతే బాగా తెలిసింది.

అమ్మ ఒక మంగళవారం సాయంత్రం తన ముద్దలో సగం చెంగు కింద దాచి, గొడ్ల కొట్టంలోకి చిన్నమ్మను పిలిచింది. నేను అక్కడే దూడ దగ్గర ఉన్నాను.

"తినవే, ఎవరూ చూడరు" అంది.

చిన్నమ్మ ముద్ద వైపు చూసింది. గుటక వేసింది. ఆ గుటక నాకు వినిపించింది. తర్వాత చేతులు వెనక్కి పెట్టుకుంది.

"వద్దక్కా. మొక్కు నా మీద కాదు, బిడ్డ మీద ఉండాది. నేను తింటే వానికి తగుల్తాది."

"నువ్వు తినకపోతేనే వానికి తగుల్తాండాది. కండ్లు పోయినాయా నీకు? వాని పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు!"

"నాకు భయమక్కా" అని అక్కడే కూలబడి ఏడ్చింది. అమ్మ ఆమె నోట్లో కుక్కబోయింది కూడా. చిన్నమ్మ పండ్లు బిగబట్టింది. సంగటి మూతికంతా అంటుకుంది గానీ లోపలికి పోలేదు. జేజి ఆ ఇంట్లో తాళం వేయని చోటంటూ ఏదైనా ఉంటే అది చిన్నమ్మ మనసు అనుకున్నాను నేను. దానికి అన్నిటికంటే ముందే వేసేసింది.

మా ఇంటి బర్రె వట్టిపోయి అప్పటికి రెండు నెలలు. మేత లేక ఊళ్లో గొడ్లన్నీ అట్లాగే ఉన్నాయి. అమ్మ మేకలున్న ఇంటికి పోయి గ్లాసెడు పాలు బతిమాలి తెచ్చి గుడ్డ ముంచి వాడి నోట్లో పిండేది. రోజూ ఎవరిస్తారు? ఒకరోజు ఇచ్చినవాళ్లు మరుసటి రోజు తలుపు దగ్గరగా వేసుకునేవాళ్లు. పాతర నిండా జొన్నలున్న ఇంటి కోడలు పాలు అడుక్కుంటుందంటే వాళ్లకు నవ్వులాటగా కూడా ఉండేది.

మా అమ్మ ఒకనాడు తెగించింది. జేజి చేటలో జొన్నలు చెరుగుతుంటే ఎదురుగా కూర్చుంది.

"అత్తా, బిడ్డకు పుట్టు వెంట్రుకలు తీపించేద్దాం. ఏడో నెల పడింది. తీపిస్తే మొక్కు తీరిపోతాది. అది రోజూ నాలుగు మెతుకులు తింటాది."

జేజి చేట ఆపలేదు.

"వెంట్రుకలు తీపించడమంటే మాటలాడినంత సులువానే? అహోబిలమంటే బండ్లు కట్టాల. చుట్టాలను పిలవాల. కొండ కింద వండి పెట్టాల. మంగలాయనకు గుడ్డలు పెట్టాల, పూజారికి పెట్టాల. ఈ కరువులో అవన్నీ యాడ తెచ్చేది? వానలు పడనీ. మూడో ఏట తీపిద్దాం."

"మూడో ఏటి దాకా అది ఉండాల గదా అత్తా!"

"ఒక్కపొద్దుతో చచ్చినోళ్లను నేను చూడల్యా" అంది జేజి. పొట్టు ఊదేసి లేచిపోయింది.

ఇక్కడే ఉంది అసలు కీలకం. మొక్కు నడిపిస్తే మిగులుతుంది. మొక్కు తీరిస్తే ఖర్చవుతుంది. అట్లాంటప్పుడు ఆమె ఎందుకు తీరుస్తుంది?

ఈ కబురు ఎట్లా చేరిందో, అమ్మే ఎవరితోనో చెప్పి పంపిందని నా అనుమానం, చిన్నమ్మ వాళ్ల నాయన వచ్చాడు. జేజి అలవాటు కొద్దీ "ఈ పొద్దు మాకు ఒక్కపొద్దప్పా" అంటూ ఎదురుపోయింది. ఆయన ఆమె మాట వినిపించుకోలేదు. నడవలో కూర్చున్న కూతురిని చూసి, "ఇదెవరమ్మా?" అన్నాడు. నిజంగానే గుర్తు పట్టలేదు. బుగ్గలు లోపలికి పోయి, జబ్బలు పుల్లలై, ఒడిలో కాళ్లూ చేతులూ వేలాడేసిన బిడ్డ. గుర్తు పట్టాక పంచె కొంగు మొహానికి అడ్డం పెట్టుకొని గోడవైపు తిరిగాడు. కాసేపటికి వచ్చి జేజి ముందు కింద కూర్చున్నాడు.

"అక్కా, రేపే బండి కట్టిస్తా. అహోబిలం పోదాం. అన్నీ నేనే పెట్టుకుంటా. మీరొక్క దుడ్డు తీయొద్దు. బిడ్డ వెంట్రుకలు తీపించి మొక్కు తీర్చేద్దాం."

ఖర్చు లేకుండా పని అయిపోతుంది కదా, జేజి ఎగిరి ఒప్పుకుంటుందనుకున్నాను నేను. మా అమ్మ కూడా అట్లాగే అనుకుంది, తలుపు చాటు నుంచి ఇవతలికొచ్చింది.

"మా ఇంటి బిడ్డ వెంట్రుకలు నీ దుడ్లతో తీపించాల్నా?" అంది జేజి. గొంతు చల్లగా ఉంది. "ఊర్లో మాకు మొహముంటాదా? మాకు గతిలేక వియ్యంకుడు తీపించినాడంటారు. నీకు కాలవ కింద మళ్లుండాయని గీరా అప్పా?"

"గీర కాదక్కా. నా బిడ్డ సచ్చిపోతాదని భయం. పోనీ, నాలుగు నెలలు నేను తోడుకపోతా."

"తోడుకపో. నేనొద్దంటానా? మొక్కు తీరని బిడ్డను, జబ్బు మీదుండే బిడ్డను పొలిమేర దాటిస్తే ఏమైతాదో అది నీ ఇష్టం, నీ కూతురి ఇష్టం."

మూడో నెలలో ఇదే బిడ్డ ఇదే పొలిమేర దాటి వచ్చినప్పుడు ఏమీ కాలేదు. ఆ మాట ఎవరికీ గుర్తు రాలేదు. చిన్నమ్మ బిడ్డను గట్టిగా కరుచుకొని, "నేను రాను నాయనా. వానికేమన్నా అయితే నేను బతకను. నువ్వు పో" అంది. ఆయన బతిమాలాడు, కోప్పడ్డాడు, అల్లుడి వైపు చూశాడు. అల్లుడు నేలవైపు చూశాడు. పొద్దు వాలాక ఆయన ఒక్కడే బండెక్కాడు. మా ఇంట్లో మంచినీళ్లు కూడా తాగలేదు. జేజికి అది కూడా మిగులే.

నాకు ఆ రోజు చిన్నమ్మ మీద కూడా కోపమొచ్చింది. ఇప్పటికీ ఉంది. పోయి ఉంటే ఏమయ్యేది?

ఎండలు ముదిరాయి. వాడు ఏడవడం మానేశాడు. జేజి దాన్ని నయమైందనుకుంది. "చూడు, మొక్కు పని చేస్తాండాది, పిల్లోడు నెమ్మదిచ్చినాడు" అని వచ్చినవాళ్లకు చూపించేది. వాడు నెమ్మదించలేదు, ఏడ్చే ఓపిక పోయింది. ఉయ్యాలలో కళ్లు సగం తెరిచి పైకప్పు చూస్తా ఉండేవాడు. నేను వేలు ఇస్తే పట్టుకునేవాడు కాదు. తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి.

అప్పుడు మా నాయనకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ పౌరుషం, శుక్రవారం పొద్దున బండి కట్టాడు. ఎద్దులను కాడికి పూన్చి, బండిలో గడ్డి పరిచి, "అమ్మా, ఆసుపత్రికి తోడుకపోతాండా" అని కేక వేశాడు. చిన్నమ్మ బిడ్డతో వాకిట్లోకి వచ్చింది. ఒక కాలు బండి మీద పెట్టింది కూడా.

జేజి గడపలో నిలబడింది.

"రాత్రే మొక్కుకున్నా గదరా. బుధవారం కూడా ఒక్కపొద్దుంటాదని చెప్పినా. సామికి మాటిచ్చి, మళ్లా డాక్టరు దగ్గరికి ఉరికితే ఆయనకు కోపం రాదా? ఆయన్ను నమ్మనట్లే గదా? ఆదివారం దాకా చూడు. తగ్గకపోతే నేనే పంపిస్తా."

నాయన చిన్నమ్మ వైపు చూశాడు. చిన్నమ్మ బండి మీది నుంచి కాలు తీసేసింది. నాయన ఎద్దులను విప్పేశాడు. అంతే. మా నాయన మంచివాడు అంటారు అందరూ. ఎద్దులను విప్పిన మంచితనం ఏం చేసుకోను నేను?

శనివారం పొద్దు పైకొచ్చేసరికి వాడు పోయాడు. తల్లి ఒడిలోనే, రొమ్ము నోట్లో పెట్టుకొనే పోయాడు. చిన్నమ్మకు ముందు తెలియలేదు. పాలు తాగుతూ నిద్రపోయాడనుకొని ఊపుతా ఉంది. మా అమ్మ వచ్చి వాడి మొహం పక్కకు తిప్పి, వాడిని లాక్కొని, నోట్లో చెంగు కుక్కుకుంది. చిన్నమ్మ ఏడవలేదు. రవిక ముడి వేసుకొని, ఖాళీ ఒడిలోకి చూసుకుంటూ అట్లాగే కూర్చుంది.

చిన్నాయన పాత పంచె ముక్కలో చుట్టి ఎత్తుకుపోయాడు. నాయన గడ్డపార పట్టుకొని వెనకాలే పోయాడు. మధ్యాహ్నం కాకముందే పూడ్చిపెట్టి వచ్చారు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చి కాసేపు ఏడ్చి, దినాలు ఎప్పుడని అడిగారు.

"పండ్లు రాని బిడ్డకు దినాలేంది? అంటు లేదు, ఏం లేదు. నీళ్లు పోసుకుంటే సరిపాయ" అంది జేజి. శాస్త్రం ప్రకారం ఆ మాట నిజమే. ఆమె చెప్పిన శాస్త్రాల్లో నిజమైనది అదొక్కటే. అందరం నీళ్లు పోసుకున్నాం. పొయ్యి వెలిగించారు. అమ్మ ఏడుస్తూనే సంగటి కెలికింది.

మొగవాళ్లు తిని చేను వైపు పోయారు. అప్పుడు జేజి తానే తినే తట్ట కడిగి, రెండు పెద్ద ముద్దలు పెట్టి, చారు పోసి తెచ్చి చిన్నమ్మ ముందు దించింది. ఆమె కోడలికి తన చేత్తో వడ్డించడం నేను అదే మొదటిసారి చూడడం. చిన్నమ్మ ఆ తట్ట ఎత్తి ముసలిదాని మొహాన కొడుతుందనుకున్నాను. కొట్టాలని మనసులో మొక్కుకున్నాను కూడా.

"తినమ్మే" అంది జేజి. "ఈ పొద్దు శనివారమైనా నీకేం ల్యా. మొక్కు బిడ్డ మీద గదా. బిడ్డే ల్యాకపాయ, ఇంకేం మొక్కు? నీ ఒక్కపొద్దులన్నీ తీరిపాయ."

చిన్నమ్మ తల ఎత్తి ఆమె వైపు చూసింది. "అన్నీనా అత్తా?" అని అడిగింది.

"అన్నీ."

చిన్నమ్మ తట్ట దగ్గరికి లాక్కుంది. గబగబా, వేళ్లు కాలుతున్నా ఆగకుండా, ముద్ద తర్వాత ముద్ద మింగింది. ఎవరి వైపూ చూడలేదు. తట్టలో మిగిలిన చారు ఎత్తి తాగింది. అమ్మ గోడకు తల ఆనించుకొని అటు తిరిగిపోయింది. చిన్నమ్మ ఖాళీ తట్ట జేజి ముందుకు చాపింది.

"ఇంకొంచెం పెట్టత్తా."

జేజి పోయి కుండలోకి తొంగి చూసింది.

"రాత్రికి మొగోళ్లకు చాలాల గదమ్మే" అని సగం ముద్ద తెచ్చి వేసింది.

చిన్నమ్మ ఆ సగం కూడా తినేసింది.